గుఱ్ఱపు పందెములు – అచ్చుపుస్తకములు

నలోపాఖ్యానము చదివినవారికి ఋతుపర్ణుని రథము జ్ఞాపకముండును. నలుడు ఆ రాజునొద్ద అక్షహృదయమును గ్రహించి, మాఱుగా అశ్వహృదయము నాతని కొసగెను. పాచికల మర్మమొకటి, గుఱ్ఱముల మర్మమొకటి. అవి వేర్వేఱు విద్యలు. ఆ రెంటిని గలిపి, అచ్చువేసి, వెలకు మొదట నమ్మినది ఇంగ్లాండు దేశము.

పూర్వ మచ్చటి ప్రభువులు తమ తమ గుఱ్ఱములను బరుగెత్తించి తమలో తాము పందెములు వేసికొనెడివారు. ఏ గుఱ్ఱము గెలిచెనో చూచినవారికే తెలియును. 1727లో జాన్ చెనీ యనునతడు ఆ సంవత్సరము జరిగిన పందెముల నూరు, తేదీ, గెలిచిన గుఱ్ఱము మొదలగు వివరములతో పట్టికగా గూర్చి చందాదారుల కందజేసెను. 1773లో న్యూమార్కెట్టున జేమ్స్ వెదర్బీ తన పందెముల పంచాంగమును వెలువరించెను. 1791లో ఆ కుటుంబమువారే గుఱ్ఱముల వంశావళిని ప్రకటించిరి. మన పెండ్లిపందిళ్లలో ప్రవర చెప్పినట్లు, అందు ప్రతి మేలుజాతి గుఱ్ఱమునకు తల్లిదండ్రుల పేర్లు గలవు. మనుష్యులలో ననేకుల కా భాగ్యము నేటికిని లేదు!

ఈ పుస్తకములవలన మేలు కలుగలేదని చెప్పరాదు. 1844లో ఎప్సమ్‌నందు జరిగిన డెర్బీ పందెము మూడేండ్ల గుఱ్ఱములకు మాత్రమే నిర్ణయింపబడినది. అందు రన్నింగ్ రేన్ అను గుఱ్ఱము ముందుగా వచ్చెను. అది నిజముగా మకాబియస్ అను నాలుగేండ్ల గుఱ్ఱమనియు, పేరు మార్చి తెచ్చిరనియు పందెమునకు ముందే కొందఱు మొఱపెట్టియుండిరి. లార్డు జార్జి బెంటింకు పట్టుదలతో సాక్ష్యములు కూర్చెను. వ్యవహారము న్యాయస్థానమున కెక్కెను. న్యాయాధిపతి వాదప్రతివాదములు విని, గుఱ్ఱమునే తెచ్చి చూపుడనెను. వాది తేలేకపోయెను; అభియోగము కూలిపోయెను. రెండవదిగా వచ్చిన ఆర్లెండో గెలిచినట్లు నిర్ణయమయ్యెను. ఏ గుఱ్ఱమెప్పుడు పుట్టెనో వ్రాతమూలముగా నిలుపు ఆచారమే లేనిచో, ఇట్టి మోసమును ఆక్షేపించుటకు ఆధారమేది?

అటుపిమ్మట తంతివార్తలు వచ్చినవి, చౌకపత్రికలు వచ్చినవి. 1859లో లండనునందు స్పోర్టింగు లైఫ్, 1894లో చికాగోయందు ఫ్రాంక్ బ్రనెల్ స్థాపించిన డైలీ రేసింగు ఫారము బయలుదేఱెను. గుఱ్ఱమును కన్నెత్తి చూడని గుమాస్తాయు దాని పూర్వచరిత్రను దీపముకడ గూర్చుండి పఠింపగలిగెను. ఇంగ్లాండులో 1853 నాటి చట్టము రొక్కపు పందెములు గట్టు అంగళ్లను మూయించెను. 1906 నాటి చట్టము వీథిలో పందెము కట్టుటను నిషేధించెను. ఈ రెండును తగిలినది పేదవానికే. పద్దుమీద పందెము కట్టు ధనవంతుని ద్వారము తెఱచియే యుండెను. అంగళ్లు మరల చట్టసమ్మతముగా తెఱవబడినది 1961లో.

ఫ్రాన్సులో జోసెఫ్ ఒల్లే 1860ల యందు మఱియొక పద్ధతి కనిపెట్టెను. అందఱి పందెపు సొమ్మును ఒక్క రాశిగా బోసి, నిర్వాహకుల భాగమును ముందు తీసి, మిగిలినది గెలిచినవారికి బంచుట. 1913లో న్యూజీలాండులోని ఆక్లండునందు జార్జి జూలియస్ నిర్మించిన యంత్రము ఏ గుఱ్ఱముమీద నెంత సొమ్ము పడుచున్నదో పందెగాండ్రందఱికి దెలియజేసెను. ఆయన మొదట దీనిని ఓట్లు లెక్కించుటకై తలపెట్టెనట! ఇంతకంటె బాహాటమైన సమాచార మేమి గలదు? కాని లెక్క చూడుడు. నూరు రూపాయల రాశినుండి ఇరువది ముందుగా తీసిరనుకొందము. పందెగాండ్రందఱును మహాపండితులైనను వారిలో వారు పంచుకొనునది ఎనుబదియే. మంచి గుఱ్ఱమని పుస్తకము చూచి యెల్లరు నెఱిగిరా, అందఱును దానిమీదనే కట్టుదురు. గెలిచినను వచ్చునది స్వల్పము. నలుడు పుష్కరుని గెలిచినది తనకు దెలిసినది వానికి దెలియనందున. అక్షహృదయము అణాకొక ప్రతి చొప్పున నిషధపురమున నమ్ముడువోయియుండినచో కథ యెట్లు నడచెడిదో!

మన దేశమున మదరాసు గిండీలో పందెములు 1777 నాటివి. తమిళనాడు ప్రభుత్వము 1974లో వీనిని నిలిపివేయ చట్టము చేసెను. ఆ వివాదమున 1996లో సుప్రీముకోర్టు, గుఱ్ఱపు పందెము ప్రధానముగా నైపుణ్యముపై నాధారపడినదిగాని కేవల మదృష్టముపై గాదని తీర్పుచెప్పెను. గుఱ్ఱపు శక్తి, జాకీ సామర్థ్యము, మోయు బరువు, పరుగు దూరము, ఇవన్నియు నెంచి చూడదగినవే యని దాని భావము. చెనీ మొదలు నేటివఱకు అచ్చుపడిన పట్టికలన్నియు ఆ నైపుణ్యమునకు సాధనములే యనుటకు నాకు నాక్షేపణ లేదు. అయితే న్యాయస్థానము తీర్చినది గుఱ్ఱము నెంచుట విద్యయా కాదా యను ప్రశ్న. రాశినుండి ముందుగా దీసిన భాగముపోగా, ఎంచినవారందఱి యిండ్లకు గలిసి తిరిగివచ్చున దెంత యనునది వేఱు ప్రశ్న.