రంగస్థలము – గ్రంథాలయము

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును నాటకోద్యమమును తోబుట్టువులవలె పెరిగినవి. 1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన విజయవాడ రామమోహన గ్రంథాలయమున మన గ్రంథాలయముల ప్రతినిధులు మొట్టమొదట సమావేశమైనపుడు అధ్యక్షపీఠము నలంకరించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు. తణుకు ప్రాంతపు ఖండవల్లిలో 1867లో జన్మించిన ఆ మహనీయుడు గయోపాఖ్యాన నాటకకర్తగా అప్పటికే ఊరూర పేరు వడసియుండెను. నాటకకర్త గ్రంథాలయ సభకు పెద్దయగుట మనకు గర్వకారణము. ఐనను ఒక మాట చెప్పక తప్పదు. గ్రంథాలయము కావ్యమును కాపాడినట్లు, ప్రబంధమును కాపాడినట్లు, తన తోబుట్టువైన నాటకమును కాపాడలేదు.

ఈ మండలమునకు ఆ సంపద కొరవడినది కాదు. భీమవరము చెంత కుముదవల్లిలో 1897లోనే వీరేశలింగ కవిసమాజ గ్రంథాలయము వెలసినది. దానికి సమీపముననే యండగండి. తిరుపతి వేంకట కవులలో మొదటివారగు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారి జన్మస్థలమది. కొల్లేటి యొడ్డున ఆటపాకలో 1907లో పుట్టిన బందా కనకలింగేశ్వరరావుగారు ఏలూరున న్యాయవాదియై, అచ్చటనే ప్రభాత్ థియేటరు అను నాటకసంస్థను నెలకొల్పి, బిల్వమంగళునిగా, బాహుకునిగా ప్రేక్షకుల మన్నన పొందిరి. తాడేపల్లిగూడెమును తన ఊరుగా చేసికొన్న రేలంగి వెంకటరామయ్యగారు వెండితెరకు పోకపూర్వము కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములలో ఆరితేరినవారు. ఇందరి రంగస్థల జీవితమునకు గుర్తుగా మన గ్రామ గ్రంథాలయముల బీరువాలలో ఏమి కలదని వెదకిన, అచ్చయిన నాటకములు కొన్నియు, పాత పత్రికల కట్టలు కొన్నియు తప్ప చేతికి చిక్కునది స్వల్పము.

అచ్చయిన నాటకము చాలదా యని కొందరు అడుగవచ్చును. చాలదు. నాటకమున అచ్చుకెక్కునది సగము, ఎక్కనిది సగము. పాండవోద్యోగ విజయములలోని పద్యము పుస్తకమున ఒక్కటియే. రంగముపై అది ఒక్కొక్క నటుని నోట ఒక్కొక్క రాగమున, ఒక్కొక్క విరుపుతో పలికినది. ఏ పాదమున ఆగవలెనో, ఏ మాట వద్ద హార్మోనియము తోడు రావలెనో ఏ ముద్రాపకుడును అచ్చువేయలేదు. ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారమున సత్యభామ పాత్ర ధరించిన స్థానం నరసింహారావుగారు తాము స్వయముగా ఒక పాటను కూర్చుకొని పాడిరి. మూలనాటకమున లేని ఆ పాటయే నాటకమునకు మారుపేరైనది. 1966లో అదే పేరుతో వచ్చిన చలనచిత్రమునకును అది ఆభరణమైనది. నాటక గ్రంథమును మాత్రమే దాచిన గ్రంథాలయము ఆ పాటను దాచినట్లు కాదు.

దాచినవారు లేనిచో ఏమగునో, ఉన్నచో ఏమగునో పూర్వచరిత్రయే చెప్పుచున్నది. తంజావూరు నాయకరాజుల యాస్థానమున 17వ శతాబ్దిలో తెలుగు యక్షగానములు విరివిగా పుట్టినవి. విజయరాఘవ నాయకుడు తానే యక్షగాన కర్త. 1673లో ఆ రాజ్యము కూలినది. నాయకులు పోయిరి, ఆడినవారు పోయిరి, పాడినవారు పోయిరి. మరాఠారాజుల పోషణమున పెరిగిన సరస్వతీ మహలు గ్రంథాలయమున వ్రాతప్రతులు మాత్రము నిలిచినవి. మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున కర్నల్ మెకంజీ, బ్రౌను దొరల సేకరణములును అట్లే నిలిచినవి. యస్వీ జోగారావుగారు ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్రను వ్రాయగల్గినది ఇట్టి భాండాగారములు ఉండుటచేతనే కదా!

ఇటీవలి ఉదాహరణము ఒకటి కలదు. 1958లో కేంద్ర సంగీత నాటక అకాడమి ఢిల్లీలో జరిపిన నృత్యసదస్సున విస్సా అప్పారావుగారు కూచిపూడిని గూర్చి ప్రసంగించిరి. అది శాస్త్రీయ నృత్యము అనదగునా యను వివాదము ఆ కాలమున బయలుదేరినది. తరతరములుగా ఆడుచున్న కళకు సాక్ష్యము చూపవలసి వచ్చినది! మరుసటి సంవత్సరము హైదరాబాదున ప్రత్యేకముగా కూచిపూడి సదస్సు జరిగినది. కూచిపూడి సిద్ధేంద్ర కళాక్షేత్రమునకై పాటుపడిన బందావారు ఈ కృషిలో ముందు నిలిచిరి. కాగితము లేని కక్షిదారుని కష్టము న్యాయవాదికి వేరుగ చెప్పవలెనా?

ప్రభుత్వములును, పట్టణములును ఈ పనికి పూనుకొనకపోలేదు. కేంద్ర అకాడమి 1953లో ఏర్పడి, గ్రంథములతోపాటు ధ్వనిముద్రికలను, ఛాయాచిత్రములను, చలనచిత్రములను కూర్చినది. 1948 డిసెంబరు 1వ తేదీన మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రము మన నటుల కంఠములను ఇంటింటికి చేర్చినది. న్యూయార్కు పురజనులు 1965లో ప్రదర్శన కళలకు ప్రత్యేక గ్రంథాలయ భవనమునే తెరచిరి. 1970 నుండి అచ్చట రంగముపై ఆడుచున్న నాటకములను ఆడుచున్నట్లే చిత్రించి దాచుచున్నారు. మన రాష్ట్రమున 1957లో ఏర్పడిన సంగీత నాటక అకాడమి మాత్రము 1983లో రద్దయినది. దాని బాధ్యతలు 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయమునకు సంక్రమించినవి. సంస్థలు వచ్చును, పోవును. కావున అంతయు రాజధానియే చూచుకొనునని గ్రామము చేతులు ముడుచుకొనరాదు.

గ్రామ గ్రంథాలయము చేయదగిన పని పెద్ద ధనముతో కూడినది కాదు. వృద్ధనటుని ఇంట తన పాత్ర పద్యములను మాత్రము ఎత్తి వ్రాసికొన్న నోటుపుస్తకముండును. హార్మోనిస్టు ఇంట స్వరములు గుర్తించుకొన్న కాగితములుండును. కాంట్రాక్టు నాటకముల నాటి కరపత్రములు ట్రంకుపెట్టె అడుగున పరచియుండును. ఏ ఊర, ఏ తేదీన, ఎవరెవరు ఏయే వేషములు కట్టిరో, టిక్కెట్టు వెల యెంతయో చెప్పునది ఆ కరపత్రమొక్కటియే. ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములు పలుకు లక్క రికార్డులు అటకపై పగులుచున్నవి. టేపులు బూజు పట్టుచున్నవి. వీనికి ఒక బీరువాయు, ఒక పట్టికయు, శ్రద్ధగల ఒక మనిషియు చాలును. ఇచ్చినవారి పేరు, ఊరు, ఎప్పటి వస్తువో ఆ వివరము వెంటనే వ్రాసికొనవలెను. ఇచ్చుటకు మనసొప్పనివారి వద్ద ప్రతిబింబము తీసికొని, అసలు ప్రతిని వారికే మరల ఇచ్చుట మర్యాద. పాడగల వృద్ధులను కూర్చుండబెట్టి వారి గొంతును ధ్వనిముద్రణ చేయుట నేడు చేతిలోని టెలిఫోనుతోనే సాధ్యము.

మన ప్రాంతమున ఈ పనికి తొందర మరింత కలదు. తమ్మిలేరు, బుడమేరు నీరు చేరు కొల్లేటి సీమ ఇది. వానకాలమున గోడలు చెమర్చును, చెద పుట్టును. బీరువాను గోడకు ఆనించక, నేలకు ఎత్తుగా నిలిపి, ఎండు వేపాకు నుంచి, ఋతువు మారినపుడెల్ల తెరచి చూచుకొనవలెను. తాటాకు ప్రతులకు నిమ్మగడ్డి నూనె పూయుట ఇప్పటికిని మేలైన పద్ధతియే. కాని చెదకంటె వడిగా పోవునది మనిషి జ్ఞాపకము. పద్యనాటకమును నడిరేయి దాటువరకు నడిపిన తరము మన కన్నుల ముందే తరలిపోవుచున్నది. పోయినవారి రాగమును ఏ విశ్వవిద్యాలయమును తిరిగి తేజాలదు.

ఇరువదియైదు వత్సరములు పుస్తకమును ఇంటింటికి పంచిన మన గ్రంథాలయము ఈ రజతోత్సవ సమయమున నాటకమునకొక బీరువాను కేటాయించుగాక! చందాదారులును, గ్రామ సోదర సోదరీమణులును తమ ఇంటి అటకలను, పెట్టెలను ఒకమారు వెదకి, దొరకిన దానిని చిత్తుకాగితమని పారవేయక ఇచ్చటికి తెచ్చుదురని ఆశించుచున్నాను. స్వర్ణోత్సవమునాటికి ఆ బీరువా నిండియున్నచో, ఊరి పిల్లలు తమ తాతల పద్యమును తాతల గొంతుననే విందురు.