ధర్మవరపు మగ్గము – స్వతంత్ర వర్తకము

కులవృత్తిని గూర్చి ప్రసంగించునపుడు మనవారు సాధారణముగా నేతపనియందలి నైపుణ్యమునే కొనియాడుదురు. అంచునందలి హంసల బారును, కొంగునందలి జరీపనిని వర్ణించి తృప్తినొందుదురు. అట్టి ప్రశంసకు మేమును విముఖులము కాము. కాని నేసినవాడు దరిద్రుడుగా నుండుటయు, వాడు నేసిన చీరను అమ్మినవాడు ధనికుడగుటయు అందరి కన్నుల యెదుటనున్న విషయమే. ఇపుడు మన యువకులు కొందరు చేతిలోని ఫోను సాయముతో తమ చీరలను తామే యమ్ముకొని స్థిరమైన జీవనమును సంపాదింపవచ్చునని చెప్పుచున్నారు. ఇది యెంతవరకు నిజము? ప్రశ్న క్రొత్తదిగా దోచును గాని దీని చరిత్ర మిక్కిలి ప్రాచీనము. ఆ చరిత్రను సంగ్రహముగా నివేదించి, ఈ మహాసభవారు దానినుండి గ్రహింపదగిన దానిని విన్నవించుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట మన భూమి స్వభావమును స్మరింపవలెను. పడమటి కనుమల చాటున నుండుటచేత అనంతపుర పీఠభూమికి నైరృతి ఋతుపవనము చాలినంత వర్షము నీయదు. ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు నియమముగా పడదు. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో ధర్మవరము, హిందూపురము, పెనుగొండ, లేపాక్షి మొదలగునవి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరి పరిపాలనకు వేరైనను, కరవు మాత్రము రెండు జిల్లాలకు నొక్కటియే. వేరుసెనగ పండని యేట మగ్గమే అన్నము పెట్టినది. కావున ఈ సీమలో మగ్గము రెండవ పొలము వంటిది. ఆ పొలమునకు వాన యనగా కొనువాడు. ఆ వాన యెవరి చేతిలో నున్నదో వారి చేతిలోనే నేతగాని బ్రతుకున్నది.

సంస్కృత శాసనములలో పట్టునేతవారి చరిత్రను దెలుపు మందసోరు శాసనము సుప్రసిద్ధము. లాటదేశమునుండి, అనగా నేటి గుజరాతు దక్షిణభాగమునుండి, పట్టునేతవారి శ్రేణి యొకటి మాళవమునందలి దశపురమునకు వలసవచ్చెను. కుమారగుప్తుని కాలమున, క్రీ. శ. 436 ప్రాంతమున, వారు తమ సొంత ధనముతో సూర్యదేవాలయమును గట్టించిరి. 473లో దానికి జీర్ణోద్ధరణ చేసి, వత్సభట్టి యను కవిచేత శాసనమును వ్రాయించిరి. అందులో రాజుల ప్రశంసతో పాటు నేతవారి ప్రశంసయు, వారు నేసిన పట్టువస్త్రము ధరింపనిదే స్త్రీల యలంకారము పూర్తి కాదను భావమును గలవు. దీనిని తమ సరకునకు దామే చేయించుకొన్న ప్రకటన యన్నను తప్పుకాదు. ఇందు మనము గమనింపవలసినది శ్రేణి సంపద మాత్రమే కాదు. ఆ సంపద వారి పేరిట నుండెను, వారి సరకు వారి పేరిట లోకమునకు దెలిసెను. వారిలో కొందరు వేరు విద్యలను, వృత్తులను అవలంబించినట్లును ఆ శాసనమే చెప్పుచున్నది. కట్టుబాటు గల శ్రేణి తనవారికి వృత్తిస్వాతంత్ర్యమును గూడ నీయగలిగెను.

ఇందుకు భిన్నమైన యేర్పాటు కౌటిల్యుని అర్థశాస్త్రమునందలి సూత్రాధ్యక్ష ప్రకరణమున గనబడుచున్నది. అందు నూలు రాజుది, వస్త్రమును రాజుదే, పనివారికి దక్కునది వేతనము. దారముయొక్క సన్నదనమును బట్టి కూలి నిర్ణయింపవలెననియు, వేతనకాలము మీరిన యధికారి దండనీయుడనియు విధింపబడినది. ఇల్లు వెడలి రాని స్త్రీలకు దాసీజనము ద్వారా పని పంపవలెననియు గలదు. కూలివానియందు దయ గల శాసనమే యిది. కాని కూలివాడు కూలివాడే. ఇట్లు శ్రేణి మార్గము, కూలి మార్గము అని రెండు మార్గములు మన దేశమున ప్రాచీనకాలమునుండియు నున్నవి.

మన సీమకు వత్తము. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) పెనుగొండ విజయనగర సామ్రాజ్యమునకు ముఖ్యస్థానములలో నొకటి. అప్పటిదైన లేపాక్షి వీరభద్రాలయపు మంటపములలో, పైకప్పు చిత్రములయందు స్త్రీపురుషులు ధరించిన వస్త్రముల గళ్లును, అంచులును నేటికిని చూపరుల నాకర్షించుచున్నవి. స్తంభములపై చెక్కిన లతలును నేటివరకు చీరల నమూనాలకు ఆధారములగుచున్నవి. అట్టి వస్త్రములు ధరించు రాజోద్యోగులును, వర్తకులును సమీపముననే యుండిరి. 1565 తరువాత సామ్రాజ్యము క్షీణించుటతో నట్టి ఆశ్రయమును క్షీణించెను.

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. ప్రథమ కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో రైతువారీ పద్ధతికి ప్రసిద్ధుడు. నేతపనివారి చరిత్రకు ఆయన యిచ్చిన సాక్ష్యమొకటి మిగుల ముఖ్యమైనది. 1813లో ఇంగ్లండు పార్లమెంటు విచారణ సంఘము నెదుట ఆయన బారామహలునందు జరిగిన దానిని చెప్పెను. కంపెనీ యుద్యోగులు ముఖ్యులైన నేతగాండ్రను సమావేశపరచి, కంపెనీకి తప్ప నితరులకు బట్ట నమ్మమని యొడంబడిక చేయువరకు వారిపై కాపలా యుంచిరి. ఒకసారి బయానా పుచ్చుకొన్నవాడు దానినుండి విముక్తుడగుట అరుదు. చూడుడు! మగ్గము నేతగానిదే, చేతులు వానివే. పోయినది కొనువానిని ఎంచుకొను హక్కు ఒక్కటియే. దానితో సర్వమును పోయెను. దీనికి తోడు మగ్గములపై మోతర్పా యను పన్నును ఉండెను. పిమ్మట మరనూలును, మిల్లుబట్టయు వచ్చెను. 1876–78 నాటి మహాక్షామమున ధాన్యపు వెల పెరుగగా వస్త్రము కొనువాడే లేకపోయెను. క్షామకాలమున గృహస్థుడు మొదట మానుకొనునది క్రొత్త బట్ట కదా. కావున క్షామము రైతునకు పొలమున దోచినట్లే నేతగానికి అంగడిలో దోచినది.

ఇరువదవ శతాబ్దమున సహకారోద్యమము శ్రేణి మార్గమును పునరుద్ధరింప యత్నించెను. 1904 నాటి చట్టము పరపతి సంఘములకును, 1912 నాటిది ఉత్పత్తి విక్రయ సంఘములకును త్రోవ చేసెను. 1935లో మదరాసు రాష్ట్ర చేనేత సహకార సంఘమును, 1976లో ఆంధ్రప్రదేశమున ఆప్కోయును ఏర్పడెను. ఇవి లక్షలమందికి నూలును, పనిని ఇచ్చినవి. వీని మేలు మరువరాదు. అయినను కొనువారి పేర్లును, అభిరుచులును సంఘపు దుకాణమువరకే తెలియుచుండెను గాని మగ్గము కడకు రాకుండెను. ప్రభుత్వపు కొనుగోలు తగ్గిన నాడు మగ్గము ఆగుచుండెను.

నేటి ధర్మవరపు స్థితి యెట్టిది? పట్టు హిందూపురము, కర్ణాటక ప్రాంతముల నుండియు, జరీ సూరతునుండియు వచ్చును. పెట్టుబడి గల యజమాని పడుగు పేకల నిచ్చును. కూలిమగ్గమువాడు చీర నేసి యిచ్చి కూలి గొనును. ఆసు పోయుట, కండెలు చుట్టుట మొదలగు పనులలో ఇంటి స్త్రీలును, ముసలివారును పాల్గొందురు. ఇపుడీ పనిలో మన కులమువారే కాక ఇతర కులములవారును పెక్కుమంది గలరు. వారి కష్టమును మన కష్టము వంటిదే. 2019–20 నాటి అఖిలభారత చేనేత గణన ప్రకారము దేశమునందలి నేత కుటుంబములలో సుమారు మూడింట రెండు వంతులకు నెలసరి యాదాయము 5,000 రూపాయలకు లోబడియే యున్నది. ధర్మవరపు పట్టుచీరలకును పావడలకును భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరికి పేరు వచ్చినది గాని నేసినవాని పేరు చీరపై లేదు. పెట్టెపైనుండునది దుకాణము పేరు.

ఇట్టి సమయమున అంతర్జాల వర్తకము వచ్చినది. 2014లో కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ ఫ్లిప్‌కార్టుతో ఒడంబడిక చేసికొనెను. 2016లో యూపీఐ చెల్లింపులు ప్రారంభమై, పల్లెలోని వాడును హైదరాబాదునుండి క్షణములో డబ్బు గైకొనుటకు వీలయ్యెను. 2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచి దుకాణములు మూతపడినపుడు, ఫోనులో చీర చూపి యమ్ముట విలాసము గాక యవసరమయ్యెను. 2023లో ప్రభుత్వమే చేనేత, హస్తకళా వస్తువులకు ఇండియాహ్యాండ్‌మేడ్ అను అంతర్జాలపు అంగడిని తెరచెను. అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి, తమ రాష్ట్రములోనే అమ్ముకొను చిన్న వర్తకులు అంతర్జాలపు అంగళ్లలో అమ్మినను పరిమితికి లోబడియున్నచో జీఎస్టీ నమోదు అక్కరలేదని సడలింపు కలిగెను. అంతకుముందు రూపాయి యమ్మినను నమోదు తప్పనిసరిగా నుండెను.

ఇన్ని వసతులుండగా కొరత యేమని యడుగవచ్చును. ఒక లెక్క వేసి చూతము. అంకెలు లెక్క నేర్పుటకు మేము కల్పించుకొన్నవే. చీర వెల 10,000 రూపాయలు. అందు పట్టు, జరీలకు 5,000, అద్దకము మొదలగువానికి 700, అంతర్జాలపు అంగడివారి రుసుమునకును ప్రకటనకును 1,500, కట్టుటకును పంపుటకును 200. మిగులునది 2,600. అట్టి చీరకు కూలియే 2,500 వచ్చుచున్నదనుకొందము. అపుడు లాభము నూరు రూపాయలే. పది చీరలలో ఒకటి నలిగి, మరకపడి తిరిగివచ్చి అమ్ముడుపోకున్నచో, దానిపై సరకు పెట్టుబడి 5,700, రాకపోకల ఖర్చు 400, మొత్తము 6,100 నష్టము. తొమ్మిదింటిపై వచ్చిన 23,400 లోనుండి దీనిని తీసివేయగా 17,300 మిగులును. అనగా చీరకు 1,730 మాత్రమే. ఇది కూలికంటె తక్కువ! ఇందులకా స్వతంత్ర వర్తకము?

కాని అదే చీరను వెనుక కొన్న గృహిణియే, లేక ఆమె చెప్పగా వచ్చిన బంధువే, నేరుగా అడిగి కొన్నయెడల రుసుమును లేదు, ప్రకటనయును లేదు. మిగులునది 4,100. బట్టను ఎరిగి కొనువారు తిప్పిపంపుటయు నరుదు. ఈ రెండు లెక్కలకు గల భేదమే ఈ వ్యాసమునందలి సారము. ఫోను భద్రత నీయదు. పెద్ద అంగడియు భద్రత నీయదు. కొనువారి పేరును, చిరునామాయును, విశ్వాసమును నేతగాని సొంత పుస్తకములో నుండుటయే భద్రత. అంతర్జాలపు అంగడి కొనువారిని తన పుస్తకములోనే యుంచుకొని, రుసుము పెంచిన నాడు మనము మారుపలుకలేక యున్నచో, అది బయానా లేని క్రొత్త కంపెనీయే యగును. కావున ఆ యంగడిని తెరువుగా వాడుకొనవలెను గాని ఇల్లుగా జేసికొనరాదు.

ఒంటరివానికిది సాధ్యమా యన్న, కష్టమే. చీర అమ్ముడుపోవువరకు పెట్టుబడి బిగిసియుండును. మరమగ్గపు నకలును చేనేత యని యమ్మువారు పెక్కురు. సిల్కుమార్కు, హ్యాండ్లూముమార్కు గుర్తులు లేనిదే దూరదేశస్థుడు నమ్మడు. ఈ కష్టములకు సమష్టియే మందని చూపు దృష్టాంతము మన సమీపముననే గలదు. చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో ఆరంభమైన టింబక్టు కలెక్టివు ప్రోత్సాహముతో, 2008లో ధరణి యను రైతుల పరస్పర సహకార సంఘము వెలసెను. ఆ మెట్టరైతులు కొర్ర మొదలగు చిరుధాన్యములను తామే శుద్ధిచేసి, తమ పేరిటనే విక్రయించుచున్నారు. వాన తక్కువైన నేలలో పేరు సంపాదింపవచ్చునని వారు నిరూపించిరి. కొర్ర బియ్యమునకు సాధ్యమైనది పట్టుచీరకు సాధ్యము గాదా?

ఇచ్చట పోషకమహాశయులతో వినయపూర్వకముగా నొకమాట. మీలో పలువురు మగ్గముల యజమానులు, వస్త్రవ్యాపారులు. మాంద్యకాలమున అమ్ముడుపోని చీరలను బీరువాలలో నుంచుకొని కూలి ఆపక యిచ్చినవారు మీలో గలరు. ఆ భారమును మేమెరుగుదుము. నేతగాడు నేరుగా అమ్మినచో తమ వ్యాపారమునకు హాని యని శంకింపవచ్చును. కాని మగ్గము విడిచి బెంగుళూరునకు కూలికై పోయిన యువకుడు మీకును నేయడు. నేత నిలిచిననే వ్యాపారము నిలుచును. అందుచేత మహాసభ వారు ఈ సంవత్సరము సేకరించు నిధిలో నొక భాగమును కల్యాణమంటప విస్తరణమునకు బదులు ఈ క్రింది పనులకు వినియోగింప బ్రార్థించుచున్నాము.

మొదటిది, పదిమంది సొంతమగ్గములవారు కలిసి యుపయోగించుకొనునట్లు ఒక ఉమ్మడి కార్యాలయము. అందు మంచి ఛాయాచిత్రములు తీయుటకును, కొలతలు, బరువు, జరీ స్వభావము సత్యముగా వ్రాయుటకును, జీఎస్టీ లెక్కలు చూచుటకును ఒకరుండవలెను. చదువుకొన్న మన యాడుబిడ్డలకు ఇది తగిన యుద్యోగము. రెండవది, చీర అమ్ముడుపోవువరకు పట్టు కొనుటకు వడ్డీలేని చిన్న యప్పు. ఆ యప్పునకు ప్రతిగా సరకును మాకే యమ్మవలెనను షరతు మాత్రము ఎన్నడును పెట్టరాదు. పెట్టినచో 1813 నాటి సాక్ష్యము మనకే వర్తించును. మూడవది, యజమానులు నేయించిన చీరలపైనను నేసినవాని పేరు గల చీటీ యుంచుట. దీనికి ఖర్చు లేదు, మనసు కావలెను.

యువకులకును ఒకమాట. తొలియేట కూలిపనిని పూర్తిగా విడువకుడు. నెలకొక చీరను మాత్రము సొంతముగా నేసి యమ్ముడు. కొన్న ప్రతివారి పేరును పుస్తకమున వ్రాసికొనుడు. ఆ పుస్తకములో నూరు పేర్లు చేరి, వారిలో సగముమంది మరల వచ్చిన నాడు మగ్గము మీదియైనదని యెంచుకొనుడు.

దశపురపు నేతవారు తమ పేరును రాతిపై వ్రాయించుకొనిరి. వారి దేవాలయము శిథిలమైనను ఆ పేరు పదునైదు వందల సంవత్సరములుగా నిలిచియున్నది. ధర్మవరపు నేతవారికి తమ పేరును చీర యంచుపై వ్రాసికొను నవకాశము నేడు లభించినది. ఆ యవకాశమును సమకూర్చుట ఈ మహాసభ చేతిలోనిది.