చెరకు తోటల మీదుగా పక్షుల దారి

పక్షుల కోసం దక్షిణాఫ్రికా వద్దామనుకునే మన అనకాపల్లి వాళ్లు నన్ను ముందుగా అడిగేది క్రూగర్ పార్కులో ఎన్ని రోజులుంటే సరిపోతుందని. డర్బన్‌లో స్థిరపడ్డాక నాకు ఏర్పడిన అభిప్రాయం చెబుతాను. క్రూగర్‌ను రెండో ప్రయాణానికి ఉంచుకోండి. మొదటిసారి డర్బన్‌లో దిగి, సముద్రాన్ని కుడిపక్కన పెట్టుకుని ఉత్తరంగా జూలూలాండ్ వెళ్లండి. పక్షులకు కొదవుండదు. పైగా ఈ దేశం ఎలా తయారైందో, అందులో మనవాళ్ల చెమట ఎంతుందో ఆ దారిలోనే తెలుస్తుంది.

రావడానికి మంచి కాలం నవంబరు నుంచి మార్చి. ఇక్కడ ఎండలూ వానలూ కలిసి వచ్చే రోజులవి, వలస పక్షులు దిగేదీ అప్పుడే. కొండకర్ల ఆవలో తాటిదోనె ఎక్కి పక్షుల్ని చూసినవాళ్లకు వలస గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ అముర్ డేగ సంగతి మాత్రం చెప్పాలి. పావురం కంటే తేలికైన ఈ పక్షి సైబీరియా, ఉత్తర చైనాల్లో పిల్లల్ని పెంచుకుంటుంది. అక్టోబరులో నాగాలాండ్‌లో ఆగి పురుగులు మేసి ఒళ్లు చేసుకుంటుంది. తర్వాత మన ద్వీపకల్పాన్నీ అరేబియా సముద్రాన్నీ దాటి ఆఫ్రికా చేరుతుంది. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర వలలు కట్టి వీటిని వేలకు వేలు చంపారు. మరుసటి ఏడాదికల్లా పాంగ్తి గ్రామస్థులు ఆ వేట మానేశారు. జనవరిలో మా క్వాజులు నాటల్ రాష్ట్రంలోని న్యూకాజిల్ ఊళ్లో, సందెవేళ చెట్లమీద గుంపులుగా వాలేది ఆ డేగలే.

డర్బన్‌లో మీకు మొదట కనిపించే పక్షి గోరింకే. 1902 ప్రాంతంలో ఇక్కడ పంజరాల్లోంచి తప్పించుకున్న గోరింకల సంతతి ఈ దేశంలో చాలా దూరం పాకింది. స్థానిక పక్షుల గూళ్లు ఆక్రమిస్తుందని ఇక్కడి పక్షిప్రేమికులకు దీన్ని చూస్తే మంట. వాళ్ల బాధలో న్యాయముంది. అయినా కరెంటు తీగ మీద దాన్ని చూసినప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తుంది.

గోరింక కంటే ముందు వచ్చినవాళ్లు మనుషులు. ట్రూరో అనే ఓడ మద్రాసులో బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది. బ్రిటిష్ దొరలు నాటల్ తీరంలో చెరకు వేశారు గానీ, సొంత భూమీ పశువులూ ఉన్న జూలూలు ఆ కూలికి వంగి పనిచేయడానికి ఇష్టపడలేదు. అందుకని అయిదేళ్ల ఒప్పందం మీద మన దేశం నుంచి కూలీలను తెప్పించారు. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. 1911లో ఆ ఏర్పాటు ఆగేలోగా 1,52,184 మంది వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసులో ఓడెక్కిన తమిళులూ తెలుగువాళ్లూ. ఓడల పట్టికల్లో ఊరూ పేరూ తండ్రి పేరూ రాసేవారు. విశాఖపట్నం జిల్లా పేరు వాటిలో ఉంది. అప్పట్లో అనకాపల్లి ఆ జిల్లాలోదే. చెరకు గడ ఎక్కడ నరకాలో, ఆకు ఎలా దూయాలో మనవాళ్లకు ఒకరు నేర్పవలసిన పని లేదు.

డర్బన్‌లో మొదటి ఉదయం ఉమ్‌గేని నది సముద్రంలో కలిసేచోట గడపండి. ఆటు సమయానికి ఇసుకమేటల మీద ఉల్లంకులు, రామచిలుక ముక్కంత ఎర్రటి ముక్కుతో కాస్పియన్ టెర్న్‌లు, వాటి వెనక పెలికన్‌లు ఉంటాయి. ఈ నది ఒడ్డునే ఒప్పంద కాలం ముగిసిన భారతీయులు కూరగాయలు పండించి బతికారు. 1917 అక్టోబరులో నది పొంగి వాళ్ల గుడిసెలు, మనుషులు కొట్టుకుపోయారు. పడవటాన్ కుటుంబం వాళ్లూ మరికొందరు జాలర్లూ కలిసి ఆరుగురు ఒక్క పడవలో ఆ వరదలోకి మళ్లీ మళ్లీ వెళ్లి 176 మందిని ఒడ్డుకు చేర్చారు. దుర్భిణి దించి కాసేపు ఆ నీటిని మామూలు కళ్లతో చూడండి.

సాయంత్రం మౌంట్ మోర్లాండ్ చేరాలి. దారిలో మౌంట్ ఎడ్జ్‌కూమ్ గణేశుడి గుడి ఉంది. 1898లో చెరకు ఎస్టేటులో కిష్టప్ప రెడ్డి కట్టిన గుడి అది. మౌంట్ మోర్లాండ్ దగ్గర చెరకు తోటల మధ్య పల్లంలో రెల్లు పెరిగిన చిత్తడి ఉంది. పొద్దు వాలే వేళకు ముందు ఆకాశంలో నాలుగైదు స్వాలో పిట్టలు. పది నిమిషాలకు తల ఎత్తిన ప్రతిచోటా అవే. చీకటి పడే ముందు ఒక్కసారిగా రెల్లులోకి జారతాయి. రెల్లు కాడలు వాటి బరువుకు వంగి, కిచకిచలతో ఆ పల్లమంతా హోరెత్తుతుంది. మంచి ఏడాదుల్లో ఇక్కడ 30 లక్షల దాకా దిగుతాయని అంచనా. 2010లో పక్కనే కింగ్ షాకా విమానాశ్రయం తెరిచే ముందు వీటికోసం పెద్ద పోరాటమే జరిగింది. చివరికి పక్షుల గుంపుల్ని గమనించడానికి రాడార్ పెట్టారు. అన్ని ఏళ్లూ ఒకేలా రావు కాబట్టి వెళ్లేముందు కనుక్కోండి.

ఇక ఉత్తరానికి. ఎషోవే ఊళ్లోని డ్లింజా అడవిలో చెట్ల కొమ్మల ఎత్తున చెక్క వంతెన మీద నడుస్తూ పక్షుల్ని చూడొచ్చు. ఒంగోయే అడవిలో ఒక ఆకుపచ్చ బార్బెట్ ఉంది. దక్షిణాఫ్రికా మొత్తంలో అది ఆ ఒక్క అడవిలోనే బతుకుతుంది. కూత తెలిసిన గైడు పక్కన లేకపోతే ఆ ఆకుల్లో దాన్ని పట్టుకోవడం మనవల్ల కాదు.

తర్వాత హ్లుహ్లువే, ఇంఫొలోజీ. జూలూ రాజులు వేటాడిన ఈ అడవుల్ని 1895లో రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆఫ్రికాలోకెల్లా పాతవాటిలో ఇవీ ఉన్నాయి. అంతరించిపోబోయిన తెల్ల ఖడ్గమృగం బతికి బట్టకట్టింది ఇక్కడే, ఆ మేలు కాదనలేనిది. కానీ అదే 1895లో నాటల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒప్పందం ముగిశాక తిరిగి ఓడెక్కకుండా, మళ్లీ కూలికి ఒప్పుకోకుండా ఇక్కడే ఉండిపోదలచిన భారతీయుడు ఏటా మూడు పౌండ్లు కట్టాలి. మూడు పౌండ్లంటే 60 షిల్లింగులు, ఆరు నెలల కూలి! 1913లో గనుల కార్మికులూ చెరకు కూలీలూ సమ్మెకు దిగితేగాని, 1914లో ఆ పన్ను పోలేదు. జంతువులకు చోటు చూపించిన ఏడాదే మనుషులకు చోటు లేదన్నారు. ఈ రెండు నిర్ణయాలనూ విడివిడిగా చూస్తే ఈ దేశం అర్థం కాదని నా నమ్మకం.

వర్ణవివక్ష కాలంలో మనుషుల్ని వేరుచేసే గీత ఇంకా గట్టిపడింది. క్రూగర్‌లో నల్లవాళ్లకు కేటాయించిన బాలూలే బసలోని కిటికీ లేని గుడిసెను ఆ రోజులకు గుర్తుగా ఉంచారు. అదే పార్కు ఉత్తర కొసన పఫూరీలో మకులేకే ప్రజలను 1969లో బలవంతంగా ఖాళీ చేయించారు. 1998లో ఆ భూమి వాళ్లకు తిరిగొచ్చింది. అక్కడ మళ్లీ ఇళ్లు కట్టుకోకుండా అడవిని అడవిగానే ఉంచి, పర్యాటకం మీద రాబడి తీసుకుంటున్నారు. రెండో ప్రయాణంలో అక్కడికే వెళ్లమంటాను. చేపల్ని వేటాడే పెద్ద గుడ్లగూబ, పెల్స్ ఫిషింగ్ అవుల్, అక్కడి నదుల ఒడ్డున ఉంటుంది.

మొదటి ప్రయాణానికి మాత్రం జూలూలాండ్‌లోని ఎంకూజే అభయారణ్యం చాలు. అక్కడి నీటిగుంట దగ్గర చాటుగదిలో చప్పుడు చేయకుండా కూర్చుంటే పక్షులే నీళ్లకొస్తాయి. దసరానాడు మనం వెతుక్కునే పాలపిట్టకు దగ్గరి చుట్టం, ఊదారంగు రొమ్ముది, మోడుమీద తీరిగ్గా కూర్చుని కనిపిస్తుంది.

మలేరియా మాత్రల గురించి బయల్దేరే ముందే డాక్టరును అడగండి. ఆడిస్ అబాబా, నైరోబీల మీదుగా టికెట్టు తీసుకుంటే ఎల్లో ఫీవర్ టీకా పత్రం నియమాలు రానూపోనూ రెండు వైపులా చూసుకోవాలి. పప్పుబియ్యానికి దిగులు లేదు, డర్బన్‌లో అన్నీ దొరుకుతాయి. గైడును మాత్రం ఆ చుట్టుపక్కల ఊళ్లవాణ్ణే పెట్టుకోండి. బర్డ్‌లైఫ్ సౌత్ ఆఫ్రికా సంస్థ ఇక్కడి పల్లెల యువకులకు ఈ పనిలో శిక్షణ ఇచ్చింది. ఎప్పుడో ప్రభుత్వం ఈ అడవుల నుంచి తాతల్ని బయటికి పంపేసిన కుటుంబాలవాళ్లు కూడా వాళ్లలో ఉండొచ్చు. రుసుము ముందే మాట్లాడుకోండి, బేరం ఆడకండి. ఒక్క పూటకు కాకుండా రోజంతటికీ పెట్టుకుని, మధ్యాహ్నం పక్షులు సద్దుమణిగాక వాళ్ల ఊరి సంగతులు అడగండి.