రాతికి అతుకు

కోయిలకుంట్ల అనగానే చరిత్ర చదివినవారికి మొదట స్ఫురించునది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1846లో ఆయన అనుచరులు అచ్చటి ఖజానాపై పడుటయు, 1847 ఫిబ్రవరి 22వ తేదీన కుంపిణీవారు ఆయనను ఆ ఊరిలోనే ఉరితీయుటయు మన శ్రోతలెరిగినవే. కాని ఆ ఊరి పేరు మరియొక శాస్త్రమునందును స్థిరపడి యున్నదని చాలమందికి తెలియదు. 1872లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలను గూర్చి పెద్ద గ్రంథము వెలువరించెను. పాణ్యము పేర పిలువబడు గట్టి ఇసుకరాతికి పైనను, నంద్యాల పేర పిలువబడు పలుచని పలకరాతికి క్రిందను ఉండు సున్నపురాతి పొరను శాస్త్రజ్ఞులు నేటికిని కోయిలకుంట్ల సున్నపురాయి అనియే వ్యవహరింతురు.

ఆ సీమలో మనుష్యుడు పుట్టినది మొదలు రాతితోనే సహవాసము. ఇంటిలో నాపరాతి పరుపు, వాకిట రాతి మెట్టు, పొలము గట్టున నిలువు బండ, గుడిలో రాతి దేవుడు. రాయి ఉన్నచోట పగులు తప్పదు. పగులున్నచోట అతుకు కావలెను. రాతిని దేనితో అతుకవలెనను ప్రశ్నకు మనవారు వేయియేండ్లకు పైగా సమాధానములు వెదకుచునే యున్నారు. ఈనాడు అంగడిలో రెండు గొట్టములలో దొరకు ఎపాక్సీ రెజిన్ ఆ వెదకులాటలో కడపటి మజిలీ యని కొందరి తలంపు. అది నిజమేనా యని విచారించుటయే మా ఉద్దేశము.

మొదటి సమాధానము సున్నము. సున్నపురాతిని బట్టీలో పెట్టి తొమ్మిదివందల డిగ్రీల ప్రాంతమున కాల్చినచో అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి పొడిసున్నము మిగులును. దానికి నీరు చేర్చినచో బుసబుస పొంగి తడిసున్నమగును. ఇసుక కలిపి గానుగలో ఎద్దులచేత త్రొక్కించి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు చేర్చి పెద్దలు దానిని గచ్చునకును గోడలకును వాడెడివారు. ఆ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా తిరిగి గ్రహించి మరల సున్నపురాయిగా మారును. అనగా సున్నపురాతి పలకల నడుమ ఆరిన సున్నము, ఆ రాతికి పరాయిది కాదు, తోబుట్టువు. రాయి ఎండకు ఎంత సాగునో అదియు ఇంచుమించుగా అంతే సాగును. రాయి తేమను పీల్చి విడిచినట్లే అదియు పీల్చి విడుచును. ఇంతకును అది రాతికంటె మెత్తనిది. గోడ కదలినప్పుడు ముందు పగులునది సున్నమే గాని రాయి కాదు. పగిలిన సున్నమును గీకివేసి క్రొత్తది పెట్టవచ్చును.

రెండవ సమాధానము బంక. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఒక అధ్యాయమును వజ్రలేపమునకే కేటాయించినాడు. వెలగకాయలు, బూరుగు పువ్వులు మున్నగువానిని నీటిలో మరిగించి ఎనిమిదవ వంతునకు దింపి, గుగ్గిలము వంటి చెట్ల బంకలు చేర్చి, ఆ వేడి లేపనమును ఆలయములకును ప్రతిమలకును పూయవలెనని అందు చెప్పబడినది. ఎనిమిది పాళ్లు సీసము, రెండు పాళ్లు కంచు చేరిన లోహపు అతుకు కూడ అచ్చటనే కలదు. ఒక్క అతుకు అన్నిటికిని సరిపోవునని ఆయన చెప్పలేదు. పలు యోగములు చెప్పినాడు. ఇది గమనింపదగిన విషయము.

ఇక మన దేవాలయములలో మూలవిగ్రహమును పీఠముపై నిలుపు అష్టబంధనము సంగతి. లక్క, గుగ్గిలము, తేనెమైనము, వెన్న మొదలైనవి చేర్చి, వేడిచేసి, రోకళ్లతో గంటలకొలది దంచి, ముద్ద చేసి విగ్రహమునకును పీఠమునకును నడుమ కూరుదురు. చేర్చు వస్తువుల జాబితా ప్రాంతమును బట్టియు సంప్రదాయమును బట్టియు కొంత మారును. కాని ఒక విషయమున అందరిదియు ఒకే మాట: అష్టబంధనము శాశ్వతము కాదు. పండ్రెండేండ్లకొకసారి దానిని తీసి క్రొత్తగా వేయుట ఆచారము. దేవుని నిలుపు అతుకే మార్చదగినదై యుండవలెనని భావించిన పెద్దల వివేకమును మనము మూఢాచారమని త్రోసివేయరాదు.

ఈ వివేకమును మరచినచో ఏమగునో అమరావతి శిల్పములు చెప్పును. అమరావతి స్తూపమును కప్పిన పలనాటి సున్నపురాయి కర్నూలు శిలలకు దగ్గరి బంధువే. 1845లో వాల్టర్ ఇలియట్ అచ్చట త్రవ్వించి తీసిన పలకలు మద్రాసు చేరి, కొన్ని 1859లో లండనుకు ఓడయెక్కినవి. మద్రాసున మిగిలినవానిని 1880 దశకమున మ్యూజియము గోడలలో పోర్ట్‌లాండ్ సిమెంటుతో బిగించిరి. పురాతత్వ శాఖకు చెందిన జేమ్స్ బర్జెస్ వలదని అభ్యంతరము చెప్పినను పని ఆగలేదు. ఆనాటికి సిమెంటు సరిక్రొత్త వస్తువు, బలమునకు మారుపేరు. కాని సిమెంటులోని లవణములు తేమతో కలిసి రాతిలోనికి ఊరును. నీరు ఆరినప్పుడు లవణము లోపలనే గడ్డకట్టి రాతి పొట్టును లేపివేయును. గట్టి సిమెంటునుండి మెత్తని రాతిని విడదీయబోయినచో విరుగునది రాయియే. శిల్పమును కాపాడుటకు వచ్చిన వస్తువు శిల్పమునకే చెరసాల అయినది. బిగించినవారి మనస్సు మంచిదే. వారికి సిమెంటు బలము తెలిసినది గాని రాతి స్వభావము తెలియలేదు.

ఇప్పుడు ఎపాక్సీ వద్దకు వత్తము. 1938 ప్రాంతమున స్విట్జర్లాండులో పియరీ కాస్తాన్ అను రసాయనికుడు దంతవైద్యమునకు పనికివచ్చు పదార్థమునకై శ్రమించుచు ఈ రెజిన్‌ను రూపొందించెను. కొలది సంవత్సరములలో అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ అను మరియొకరు ఇట్టి పనియే చేసిరి. 1946లో సీబా కంపెనీవారు బాజెల్ నగరపు ప్రదర్శనలో అరాల్డైట్ అను పేర దీనిని లోకమునకు చూపిరి. దీని మర్మము ఇది. సామాన్యపు జిగురు తనలోని నీరో ద్రావకమో ఆవిరియై పోగా ఆరును, అందుచే ముడుచుకొనును. ఎపాక్సీలో ఆవిరియగునది దాదాపు లేదు. రెజిన్‌ను, గట్టిపరచు ద్రవమును కలిపినచో రెంటి అణువులు ఒకదానినొకటి పట్టుకొని వలవలె అల్లుకొనును. కలుపునప్పుడు గిన్నె వేడెక్కుట అందరును ఎరిగినదే. అల్లిక ముగిసిన పిదప అది మరల కరగదు.

అయినను ఈ బలశాలి కూడ అన్నిటిని ఒకే రీతిగా పట్టదు. పట్టు అనునది బంకలో మాత్రమే లేదు. అది తగులు ముఖములోను ఉన్నది. బంక ఆ ముఖముపై పరచుకొని తడుపవలెను. పాలిథిన్ మీదను మైనపు పూత మీదను అది తామరాకుపై నీటిబొట్టువలె నిలిచి, గట్టిపడిన తరువాత పెచ్చుగా ఊడివచ్చును. ఇనుముపై నూనె జిడ్డు, తుప్పు ఉన్నచో బంక ఇనుమును గాక తుప్పును పట్టుకొనును. తుప్పు రాలినప్పుడు అతుకును రాలును. గాజు నున్నన, దానిపై కంటికి కానరాని తేమపొర ఉండును. టేకు వంటి కర్రలో సహజమైన నూనె కలదు. నాపరాయికి శత్రువు ధూళి: కోసిన రాతిముఖముపై నిలిచిన పిండిని కడిగి పూర్తిగా ఆరనీయక అతికినచో, మనము అతికినది పిండికి పిండిని మాత్రమే. కావున ఇంటిలో ఏ వస్తువును అతుకబోయినను ముందు గరుకు కాగితముతో రుద్దుట, జిడ్డు తీయుట, ఆరబెట్టుట, రెండు ద్రవములను చెప్పిన పాళ్లలోనే కలుపుట ముఖ్యములు. గట్టిపరచు ద్రవమును ఎక్కువ పోసినచో ఎక్కువ గట్టిపడునని తలచుట పొరపాటు; అల్లిక చెడిపోవును. చేతికి తగులనీయరాదు, కొందరికి చర్మము పొక్కును.

ఆరుబయట ఉండు రాతి విషయములో చిక్కులు ఇంకను కలవు. ఎండకు సున్నపురాయి సాగుదానికంటె ఎపాక్సీ ఎన్నో రెట్లు ఎక్కువ సాగును. సామాన్యపు వేడిమిలో గట్టిపడిన పెక్కు ఎపాక్సీలు యాభై అరువది డిగ్రీలలోనే మెత్తబడ నారంభించును. రాయలసీమ మేనెల ఎండలో బండపై కాలు మోపినవారికి ఆ వేడిమి ఎంత దగ్గరదో చెప్పనక్కరలేదు. సూర్యకాంతికి అది పసుపుబారును. అన్నిటికంటె పెద్ద చిక్కు, అది రాతి రంధ్రములలో ఇంకిన తరువాత మరల తీయుట దుర్లభము.

2002 అక్టోబరులో న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియమున తుల్లియో లొంబార్దో చెక్కిన ఆదాము పాలరాతి విగ్రహము పీఠము కూలి క్రిందపడి ముక్కలైనది. దానిని అతికి 2014లో మరల నిలిపిరి. పండ్రెండేండ్ల విచారణానంతరము వారు ప్రధానముగా ఎంచుకొన్నది బలిష్ఠమైన ఎపాక్సీని కాదు. అవసరమైనచో ద్రావకముతో కరగించి తీయదగిన ఆక్రిలిక్ రెజిన్‌ను. అతుకు నిలుచుటకు కావలసినంత బలము చాలును, అంతకు మించినది రాతికి భారమే యని వారు లెక్కగట్టి తేల్చిరి. ఎపాక్సీ తప్పనిసరియైనచోట రాతికిని దానికిని నడుమ కరగు పూత నొకదానిని వేయుట కూడ పరిరక్షకులలో వాడుక.

కోయిలకుంట్లకు పొరుగుననే యున్న ఆళ్లగడ్డ శిల్పులకు ఈ లెక్కలు చెప్పవలసిన పనిలేదు. ఒక వేసవిలో మేము అచ్చటి శిల్పశాలలు చూడబోయినప్పుడు ఒక వృద్ధశిల్పి ఉద్యానవనమునకు చేసిన నంది చెవి విరుగగా, అదే రాతిపొడిని ఎపాక్సీలో కలిపి అతుకుచుండెను. మా కన్నులకు అతుకు కానరాలేదు. గుడి విగ్రహమునకును ఇట్లే చేయుదురా యని అడిగితిమి. ఆయన ఉలి క్రిందపెట్టి, “పూజకు పోయే రాయికి చెయ్యనయ్యా. తోటలో నందికైతే చెవి ఇరిగిందని చెప్పే ఇస్తాను. దాచి అతికితే అది పని కాదు, మోసం” అనెను. కొంతసేపటికి తానే మరల, “బంక రాయికంటే మొండిదైతే ఈసారి చెవి కాదు, తలకాయే పోతాది” అని నవ్వెను.

సున్నము మొదలు ఎపాక్సీ వరకు నడచిన ఈ కథలో క్రొత్తది పాతదానిని ఓడించినదని చెప్పుటకు వీలులేదు. విమానపు రెక్కకును విద్యుత్ పరికరమునకును ఎపాక్సీ చేయు సేవ సున్నము చేయలేదు. నూరేండ్ల గచ్చుకు సున్నము చేయు సేవ ఎపాక్సీ చేయలేదు. మన పల్లెలలో నేడు పాత గుడుల మరమ్మతులు విరివిగా సాగుచున్నవి. సిమెంటు బస్తాయో రెజిన్ డబ్బాయో విప్పుటకు ముందు, ఎదుట నున్న రాయి ఎట్టిదో, రేపు మరియొకడు ఈ అతుకును విప్పవలసి వచ్చినచో అతని గతి ఏమో ఒక్కమారు ఆలోచింతుముగాక. పండ్రెండేండ్ల తరువాత వచ్చువానికి చోటు విడిచిన అష్టబంధనపు ముద్ద మనకు నేర్పునది అదియే.