చార్మినార్ కింద మా అమ్మ చీపురు

చార్మినార్ ఎవరు కట్టించారని బళ్ళో సారు అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తేదాన్ని. 1591, మహమ్మద్ కులీ కుతుబ్ షా. దాని చుట్టూ రోజూ ఊడ్చేదెవరని మాత్రం ఏ సారూ అడగలేదు. అడిగినా సిగ్గుతో తల వంచుకునేదాన్నేమో. ఊడ్చేది మా అమ్మే.

శాలిబండ వెనక మా బస్తీ. అమ్మది కామాటి పని. తెల్లారగట్ల నాలుగింటికే కొంగు ముక్కుకు చుట్టుకొని, కట్టె చీపురు, తట్ట పట్టుకొని పోయేది. లాడ్‌బజార్ సందుల్లో పగిలిన గాజుపెంకులు ఆమె కాళ్ళల్ల దిగేవి. రాత్రి బుడ్డిదీపం ముందు కూర్చొని పిన్నీసుతో నేను తీసేదాన్ని.

పట్నం చరిత్ర పుస్తకాల్లో 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద ఉంటుంది. వేలమంది కొట్టుకుపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు నూటయాభై మందిని కాపాడిందని చెప్పుకుంటారు. మరుసటేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో నగరాన్ని బాగుచేయడానికి బోర్డు పెట్టారు. ఇరుకు సందులు కొట్టి రోడ్లు తీశారు, పత్తర్‌గట్టి లేచింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. భూమి కింద మోరీలు పడ్డాయి. నిజాం పేరుంది, ఇంజినీరు పేరుంది, చెట్టుకూ చోటుంది. బురద ఎత్తినవాళ్ళ పేర్లేవి? మోరీల్లో దిగినవాళ్ళ పేర్లేవి?

అప్పుడు మనకు గొంతు లేదని కాదు. వరదకు రెండేళ్ళ ముందే, 1906లో, భాగ్యరెడ్డి వర్మ ఈ పట్నంలోనే జగన్ మిత్ర మండలి పెట్టాడు. మనం పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం, ఆది హిందువులం అన్నాడు. మన పిల్లలకు బళ్ళు నడిపాడు. ఆ బడి మా తాత దాకా రాలేదు. చీపురు మాత్రం వచ్చింది.

1990 డిసెంబర్‌లో పాతపట్నంలో మత కల్లోలాలు, కర్ఫ్యూ. కచ్రా కుండీలు నిండి పొర్లుతున్నాయి. జవాను వచ్చి "పాసు ఇప్పిస్తం, నడువుండ్రి" అన్నాడు. నేను కాళ్ళకు చుట్టుకొని ఏడ్చాను. "ఏడ్వకు బిడ్డా, చీపురు చేతిల ఉన్నదాన్ని ఎవడూ ఏ మతమని అడగడు" అని అమ్మ పోయింది. అది ధైర్యమనుకున్నాను. చాన్నాళ్ళకు అర్థమైంది. చీపురు చూస్తేనే కులం తెలిసిపోతుంది, ఇంక అడిగేదేముంది? ఆ రోజు ఒక గాజులమ్మే ముసలామె తలుపు సగం తీసి "ఆవో బేటీ" అని తన కప్పులోనే చాయ్ ఇచ్చిందట. మామూలు రోజుల్లో హోటలోడు మా గ్లాసు బయట గూట్లో పెట్టేవాడు. ఆ కప్పు సంగతి అమ్మ చచ్చేదాకా చెప్పింది.

1996లో అమ్మకు దమ్ము ముదిరింది. ఇంటర్ ఆపేసి నేను కాంట్రాక్టరు కింద చీపురు పట్టాను. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మా నౌకరీ మళ్ళీ మొదటికే. రంజాన్ రాత్రుల తెల్లారి కుప్పలు రెండింతలు, జీతం అంతే. ఒంటికి పోవడానికి ఆడమనిషికి చోటు లేదు. నీళ్ళు తాగకుండా ఉండటం నేర్చుకున్నాం. తర్వాత వేలిముద్ర మిషన్ వచ్చింది. చీపురు కర్రకు అరిగిన బొటనవేలు మిషన్‌కు కనపడదు. రోడ్డంతా ఊడ్చినా గైర్హాజరే. "నీకు ముద్రే లేదు గదమ్మా" అని సూపర్‌వైజర్ నవ్వాడు. ఏకలవ్యుడిది కోయించుకున్నారు, మాది అరగదీశారు.

సంతోషం లేదా అంటే ఉంది. ఊడ్చినంక జనం రాకముందు మక్కా మసీదు ముందు పావురాలు దిగుతాయి. ఆ పది నిమిషాలు నలుగురం గద్దె మీద కూర్చొని ఆకువక్క నములుతూ నవ్వుకుంటాం. ఒకసారి రెండు నెలలు జీతం ఆగితే చీపుర్లు కింద పెట్టాం. మూడో రోజే జీతం వచ్చింది. మా బలం మాకు తెలిసింది అప్పుడే.

చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చింది. అది కాగితం మీదే ఉంటే, 2003లో సఫాయి కర్మచారి ఆందోళన్ సుప్రీంకోర్టుకు పోయింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. 1993 నుంచి మురుగుకాలువల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో కోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఇవి దయతో రాలేదు. సచ్చిన మనవాళ్ళ పేర్లు మనవాళ్ళే ఊరూరా తిరిగి రాసుకొచ్చి ముందు పెట్టారు. పేరు రాస్తేనే లెక్కకొచ్చింది.

2020 మార్చి 22న దేశమంతా చప్పట్లు కొట్టింది. మర్నాడు ఖాళీ రోడ్డు మీద నేను ఊడుస్తుంటే 1990లో అమ్మ యాదికొచ్చింది. పట్నం ఆగినప్పుడల్లా మేం ఆగలేదు. చప్పట్లతో నౌకరీ పర్మినెంటు కాదు.

నా బిడ్డ ఇప్పుడు డిగ్రీ. మొన్న చార్మినార్ మీద వ్యాసం రాస్తోంది. "1591 దగ్గర ఆపకు బిడ్డా, అమ్మమ్మ పేరు కూడా రాయి" అన్నాను. చదువుకుంటున్న మీకూ చెప్పేది అదే. మీ బస్తీలో చీపురు పట్టినామె పేరు అడిగి రాయండి.