ఆల్బనీ నుంచి బఫెలో ఎంత దూరం?

న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ నుంచి బఫెలోకి ఇవాళ కారులో వెళ్తే సుమారు 290 మైళ్లు, నాలుగున్నర గంటల ప్రయాణం. 1825లో ఎరీ కాలువ పూర్తయినప్పుడు అవే రెండు ఊళ్ల మధ్య నీటిదారి 363 మైళ్లు. దారి పొడవు పెరిగినా ఊళ్లు దగ్గరయ్యాయి. బండిలో రెండు వారాల దాకా పట్టే ప్రయాణం ఐదు రోజులకు దిగింది. పోనీ పడవేమైనా దూసుకుపోయేదా అంటే, గంటకు నాలుగు మైళ్లు, మనిషి చురుగ్గా నడిచేంత. దూరాన్ని వేగమే తగ్గిస్తుందని మనం అలవాటుగా అనుకుంటాం. ఈ దారి చరిత్ర చూస్తే ఆ ఘనత ఆగకుండా సాగడానికే దక్కాలనిపిస్తుంది. వాన పడితే రోడ్డు బురదయ్యేది, చక్రాలు ఇరుసుదాకా దిగబడేవి. కాలువ గట్టున గుర్రాలు తాడు కట్టుకుని నడుస్తుంటే, మజిలీ మజిలీకి వాటిని మారుస్తూ ప్రయాణికుల పడవ రాత్రింబగళ్లు సాగేది. గాలికోసం పడవ కప్పు మీద కూర్చున్నవాళ్లు పొలాలను కలుపుతూ కాలువ మీద కట్టిన చిన్న వంతెన దగ్గరపడి, పడవవాడి కేక వినబడగానే ఒక్కసారిగా వంగేవాళ్లు. మొత్తం 83 లాకులు, నీటి లోతు నాలుగు అడుగులే. అయినా బఫెలో నుంచి న్యూయార్క్ నగరానికి టన్ను సరుకు పంపడానికి సుమారు వంద డాలర్లున్న ఖర్చు పదికి పడిపోయింది. వర్తకుడికి దూరమంటే అదే కదా!

రైలు వచ్చి కాలువను ఓడించింది కాబట్టి చివరికి గెలిచింది వేగమేనని ఎవరైనా అనవచ్చు. ప్రయాణికుల విషయంలో అది నిజం. ఆల్బనీ, స్కెనెక్టడీల మధ్య 27 లాకులు ఎక్కడానికి పడవకు దాదాపు ఒక రోజు పట్టేది. 1831లో మొదలైన రైలు ఆ పదహారు మైళ్లను గంటలోపే దాటేసింది. 1840ల మొదట్లో చిన్న చిన్న కంపెనీల పట్టాలు ఒకదానికొకటి కలిసి బఫెలో చేరాక, ఐదు రోజుల ప్రయాణం సుమారు ఒక్క రోజైంది. సరుకు మాత్రం కాలువను వదల్లేదు. సరుకు మోసే రైళ్లు కాలువ సుంకం కట్టాలని రాష్ట్రం పెట్టిన చట్టమే దాన్ని కాపాడిందనే వాదన ఉంది, కొంతవరకూ ఒప్పుకోవాలి. కానీ 1851లో ఆ సుంకం రద్దయ్యాక కూడా రెండు దశాబ్దాలపాటు కాలువ మీద సరుకు పెరుగుతూనే పోయింది. గోధుమ బస్తాకు ఒకరోజు ముందు చేరాలన్న తొందర లేదు.

నా వాదనకు అసలైన అడ్డంకి చలికాలం. డిసెంబరులో కాలువ గడ్డకట్టేది, మళ్లీ ఏప్రిల్ దాకా పడవ కదిలేది కాదు. ఆగకుండా సాగడమే ఊళ్లను దగ్గర చేసిందంటే, ఏటా నాలుగైదు నెలలు ఆ ఊళ్లు మళ్లీ దూరమైనట్టే. అవును, దూరమయ్యేవి. రైలు అసలు బలం కూడా అక్కడే ఉందని నేననుకుంటాను. 1844లో రాష్ట్రం రైళ్లకు సరుకు మోసే అనుమతి ఇచ్చినప్పుడు, అది కాలువ మూసి ఉన్న నెలలకే ఇచ్చింది. మంచు లేనినాడు రైలు పడవకు పోటీ. మంచు పడ్డాక ఆ దారికి అదొక్కటే దిక్కు. అంతకుముందు చలికాలాల్లో, ఆఖరి పడవ అందుకోలేకపోయిన గోధుమలు బఫెలోలో మంచు కరిగేదాకా ఉండిపోయేవి.