తటస్థుని యన్వేషణము: ధాన్యకటకము మొదలు నేఁటి పలనాడు వఱకు

కృష్ణానదీ దక్షిణతటమున, ధరణికోటకుఁ జేరువను, అమరావతి యను పట్టణము గలదు. 18వ శతాబ్ది తుదను వాసిరెడ్డి వేంకటాద్రి నాయఁడు చింతపల్లి నుండి తన నివాసమును మార్చి, అమరేశ్వరుని సన్నిధిని దీనిని నిర్మింపించెను. ఆ కట్టడములకై ఇటుకలను, ఱాళ్లను సేకరించుచు దీపాలదిన్నె యను దిబ్బను ద్రవ్వఁగా ధాన్యకటక మహాచైత్యము బయల్పడెను. 1797వ సంవత్సరమున కాలిన్ మెకంజీ దానిని దర్శించి లోకమునకుఁ దెలిపెను. నాఁటినుండి యా చైత్యమును గూర్చి శిల్పజ్ఞులును లిపిజ్ఞులును విశేషముగ వ్రాసియున్నారు. ఇచ్చట విచారింపఁబడునది వేఱొక విషయము. మనస్సు కలఁతపడినవారు, దాంపత్యమున నెడమైనవారు, ఆప్తవియోగమునఁ గ్రుంగినవారు ఈ సీమలో నెవ్వరికడ తమ గోడు చెప్పుకొనిరి? వినువానికి నే లక్షణము లుండవలెనని పూర్వులు తలఁచిరి? నేఁడు పలనాటివాఁ డట్టివాని నెట్లు గుర్తింపవలెను?

సంస్కృతమున ‘తటస్థ’ శబ్దమునకు గట్టున నిలిచినవాఁడని యవయవార్థము. పక్షపాతము లేనివాఁడని వ్యవహారార్థము. ఏటిలో మునుఁగువానికి, ఏటిలోనే కొట్టుకొనిపోవువాఁడు సాయపడఁజాలఁడు. ఆమడల దూరమున నున్నవాఁడును సాయపడఁజాలఁడు. గట్టున నున్నవాఁడే చేయి యందీయఁగలఁడు. సామీప్యము, అపక్షపాతము అను రెండు గుణములును ఈ యొక్క శబ్దమున నిమిడియున్నవి. పలనాటి చరిత్రమున నీ రెండును గూడియున్న కాలములు గలవు; విడిపోయిన కాలములును గలవు.

మొదట మహాచైత్యమును జూతము. అమరావతిలో దొరకిన ప్రాకృతశాసనములలోఁ బెక్కులు దానశాసనములు. వాసిష్ఠీపుత్ర పులుమావి నాఁటి శాసనమున రాజనామమును, చైతికనికాయ నామమును గలవు గాని, తక్కినవానిలో గృహపతులు, వణిజులు, భిక్షువులు, భిక్షుణులు, ఉపాసికలు నెక్కువగాఁ గానవత్తురు. విధికుఁడను చర్మకారుఁడు తల్లితోను, భార్యతోను, సోదరులతోను, కొడుకుతోను, కూఁతులతోను, బంధుమిత్రులతోను గలసి పూర్ణఘటఫలకము నర్పించెను. కుటుంబము కుటుంబముగానే చైత్యమునకు వచ్చుచుండె నని దీనివలనఁ దెలియుచున్నది. మఱియొక శాసనమున వినయధరుఁడగు పునర్వసుని శిష్యురాలైన సముదియ యను నుపాధ్యాయినియు, ఆమె యంతేవాసిని మాలయుఁ బేర్కొనఁబడిరి. అనఁగా గురువు, ఉపాధ్యాయిని, శిష్యురాలు అను మూఁడు మెట్ల విద్యాసంప్రదాయ మీ యూరనే యుండెను. అందు స్త్రీలు బోధకులుగను నుండిరి.

వినయధరుఁడనఁగా సంఘనియమములను గ్రహించి, తగవు పుట్టినపుడు నిర్ణయము చెప్పఁగలవాఁడు. చైతికుల వినయగ్రంథము నేఁడు లభించుట లేదు. సింహళమున నిలిచిన పాళీవినయమునుబట్టి చూడఁగా, తగవు తీర్చువాఁడు నాలుగు దుర్మార్గములకు లోఁబడరాదు. అవి ఛందము, ద్వేషము, మోహము, భయము; అనఁగా ఇష్టునియందలి ప్రీతి, అనిష్టునియందలి పగ, తెలియమి, బలవంతుని వలని వెఱపు. వీనికి ‘అగతు’లని పేరు. 5వ శతాబ్దిలో బుద్ధఘోషుఁడు వినయమునకు వ్యాఖ్య రచించునపుడు ‘అంధకట్ఠకథ’ యను ప్రాచీనవ్యాఖ్యను బలుమాఱు పరామర్శించెను. అంధకదేశపు భిక్షువులు వినయవిచారమున నెంత కృషి చేసిరో దానివలన నూహింపవచ్చును.

గృహస్థుల విషయమున సిగాలోవాదసుత్తము ప్రమాణము. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, బిడ్డలు, గురుశిష్యులు, మిత్రులు పరస్పరము నడచుకొనవలసిన తీరు అందు వివరింపఁబడెను. అందే సుహృత్తు లక్షణములు చెప్పుచు, తన రహస్యమును మిత్రునితోఁ జెప్పుట, మిత్రుని రహస్యమును దాఁచుట, ఆపదలో విడువకుండుట యనువానిని బేర్కొనిరి. అగతులు లేమి, రహస్యరక్షణము అను నీ రెండింటిని గలిపినచో తటస్థుని లక్షణము దాదాపు పూర్తియగును.

శిల్పములలోను ఈ భావము కనఁబడుచున్నది. నాళాగిరి యను మదపుటేనుఁగు వీథిలో జనులను ద్రొక్కుచుఁ బరువెత్తుటయు, పిమ్మట బుద్ధుని పాదములకడ మోకరిల్లుటయు నొకే వృత్తఫలకమునఁ జెక్కఁబడినవి. ఆ ఫలకము చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది. ఉదయనుని కథయు నమరావతి శిల్పుల కిష్టమైనది. సవతి చెప్పిన నిందలు నమ్మి యుదయనుఁడు రాణి సామవతిపై బాణ మెక్కుపెట్టెను. ఆమె మైత్రీభావమునకు బాణము తిరుగుముఖము పట్టెనని కథ. దాంపత్యమున నసూయ యెట్లు విషమగునో తెలుపు నీ కథలో నొక విశేషము గలదు. సామవతికి ధర్మము నేర్పినది ఖుజ్జుత్తర యను దాసి. ఆమె బుద్ధుని బోధను విని వచ్చి, అంతఃపురము విడిచి పోలేని స్త్రీలకుఁ జెప్పుచుండెను. దుఃఖితులు చేరలేని చోటికి బోధకురాలే చేరుట యిందలి సారము.

ఆచార్య నాగార్జునుని సుహృల్లేఖ యీ సంప్రదాయమున శిఖరప్రాయము. శాతవాహనరాజునకు మిత్రభావమున వ్రాయఁబడిన యీ లేఖకు సంస్కృతమూలము నష్టమైనను, టిబెట్టు, చీనా భాషల యనువాదములు నిలిచినవి; చీనాభాషలోనికే మూఁడుసారులు పరివర్తిత మయ్యెను. లాభాలాభములు, సుఖదుఃఖములు, నిందాస్తుతులు, కీర్త్యపకీర్తులు అను నెనిమిదింటియందు మనస్సును సమముగ నుంచుకొనుమనుట మొదలు, గృహజీవనమున నెట్టి సంబంధమును గౌరవింపవలెను, ఎట్టిదానిని వర్జింపవలెను అనునంతవఱకు అందు హితవు గలదు. సేవకురాలివలె నణఁగియుండు భార్యను మెచ్చుట వంటి యందలి కొన్ని మాటలు నేఁటి వారికి సమ్మతములు గావు. అయినను ఆ లేఖ పేరు గమనింపఁదగినది; అది రాజాజ్ఞ గాదు, గురుశాసనము గాదు, సుహృత్తు వ్రాసిన లేఖ. ఈ యాచార్యుని రత్నావళియందు రోగులను, అనాథలను, దుఃఖార్తులను రాజు పోషింపవలెననియు, చెఱలోనున్నవారికి సయితము స్నానము, అన్నపానములు, ఔషధము లేర్పఱుపవలెననియుఁ జెప్పఁబడెను. దుఃఖితుని యాదరణము వ్యక్తిధర్మమే గాక రాజధర్మ మని దీని తాత్పర్యము.

వైద్యశాస్త్రమును దీనిని విస్మరింపలేదు. చరకుఁడు చికిత్సను దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము అని మూఁడు విధములుగ విభజించెను. మంత్రమణులు మొదటిది, ఆహారౌషధములు రెండవది, మనస్సును అహితవిషయముల నుండి మరల్చుట మూఁడవది. మాటవలన మనస్సును జక్కఁబఱచుట పాశ్చాత్యుల వలన నిన్న మొన్న వచ్చిన విద్య యనువా రీ విభాగమును జ్ఞప్తియం దుంచుకొనవలెను.

చైత్యము క్షీణించిన తరువాత నీ పలనాటనే, 12వ శతాబ్దిలో, తటస్థుఁడు లేమి యెంత యనర్థమును దెచ్చునో తెలుపు సంఘటనము జరిగెను. పలనాటి వీరచరిత్రను యుద్ధకథగఁ జదువుట పరిపాటి. కాని మూలమున నది యొక కుటుంబకలహము. అలుగురాజు మరణానంతరము, ఒక తల్లి కొడుకగు నలగామరాజునకును, మఱొక తల్లి కొడుకులగు మలిదేవాదులకును రాజ్యభాగమునఁ దగవు పుట్టెను. గురజాలలో నాయకురాలు నాగమ్మ నలగామునకు మంత్రిణి. మాచెర్లలో బ్రహ్మనాయఁడు మలిదేవునకు మంత్రి. ఇరువురును బుద్ధిశాలులే, కాని యిరువురును ఏటిలో నున్నవారే. కోడిపందెములో నోడిన మలిదేవాదులు వనవాసము ముగించి రాజ్యభాగము నడుగుటకై యలరాజును దూతగఁ బంపిరి. అతఁడు నలగామునకు స్వయముగ నల్లుఁడు, రాచకూఁతురు పేరిందేవికి భర్త. ఇరుపక్షములకు బంధువు గనుక సంధి కుదుర్పఁగలఁడని తలఁచిరి కాఁబోలు. అతఁడు విషప్రయోగమునకు బలియయ్యెను. పేరిందేవి సహగమనము చేసెను. కారెంపూడి రణరంగమున నిరుపక్షముల వీరులును గూలిరి. ఇరువురకు బంధువగుట తటస్థత గాదు. అది రెండువైపుల నుండియు బాణములు తగులు స్థానము.

ఆ కథలోనే బాలచంద్రుని వృత్తాంతము గలదు. శ్యామాంగియం దాసక్తుఁడై భార్యయగు మాంచాలను జూడనైన జూడని యా యువకుని, యుద్ధమునకుఁ బోవు ముందు, తల్లి యైతమ్మ మాంచాల యింటికిఁ బంపెను. వివాహమైన నాఁటినుండి జరుగవలసిన సంభాషణము మరణమునకు ముందటి దినమున జరిగెను. హితవు చెప్పువారు లేక గాదు, సకాలమునఁ జెప్పువారు లేక యా దంపతులు నష్టపడిరి. నేఁటికిని కారెంపూడిలో నేఁటేట వీరారాధనము జరుగుచున్నది. వీరుల శౌర్యముతోఁ బాటు ఈ మాటయు స్మరింపఁదగినది.

తరువాతి శతాబ్దులలో నీ పనిని రచ్చబండ పెద్దలు, కులపెద్దలు, గురువులు, సోదె చెప్పువారు, ఎఱుకసానులు, భూతవైద్యులు పంచుకొనిరి. వీరియందు సామీప్యము సమృద్ధముగ నుండెను. కాని రచ్చబండకడఁ జెప్పిన మాట ఊరెల్ల నెఱుఁగును. కులపెద్ద తీర్పు కులగౌరవమును గాపాడునేమో కాని, కోడలి గోడు వినునని నమ్మకము లేదు. ఆంగ్లేయపాలనమున దీనికి విపరీతము సంభవించెను. 1794లో చెన్నపట్టణమునఁ బిచ్చివారి యాశ్రయ మేర్పడెను. 19వ శతాబ్ది యుత్తరార్ధమున వాల్తేరునందు మఱొకటి వెలసెను. 1858, 1912 సంవత్సరముల చట్టములు మతిభ్రమించినవారిని నిర్బంధించు విధమునే ప్రధానముగఁ జెప్పెను. ఊరివారితోఁ బక్షము లేని వైద్యుఁ డచ్చట నుండవచ్చును. కాని పలనాటికి చెన్నపట్టణ మెంత దూరము! పైఁగా భర్తతో నెడమైన యిల్లాలికిఁ గాని, బిడ్డను గోల్పోయిన తండ్రికిఁ గాని యా ద్వారము తెఱచినది కాదు. ఊరిలో సామీప్యము మాత్రమే మిగిలెను. పట్టణమున తటస్థత మాత్రమే మిగిలెను.

ఈ రెండింటిని మరలఁ గలుపు ప్రయత్నము స్వతంత్రభారతమున మెల్లఁగా సాగినది. 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమము రూపొందెను. 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమము నాలుగు జిల్లాలతో నారంభమయ్యెను. అందు మెదకు ఒకటి. 1984 నాఁటి కుటుంబన్యాయస్థానముల చట్టము దంపతుల తగవులో మొదట రాజీకి యత్నించుట న్యాయాధిపతి విధి యని చెప్పి, సలహాదారుల నియామకమునకును, కోరినచో రహస్యవిచారణమునకును దారి చూపెను. 2017 నాఁటి మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టము 2018 మే 29న నమలులోనికి వచ్చెను. దాని 18వ విభాగము సేవలు నివాససమీపముననే లభింపవలెననియు, దూరప్రయాణము తప్పనిసరి కారాదనియు నిర్దేశించెను. 23వ విభాగము రోగి రహస్యమును గాపాడుటను హక్కుగఁ జేసెను. సిగాలోవాదమున సుహృద్ధర్మముగఁ జెప్పఁబడినది యిచ్చట శాసనధర్మ మయ్యెను.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగఁ బలనాడు జిల్లా యేర్పడెను. అమరావతి మండల మందుఁ జేరెను. అమరావతివారికి సుమారు 35 కిలోమీటర్ల దూరమున గుంటూరున్నది. అచ్చట 1946లో నేర్పడిన వైద్యకళాశాలతోఁ గూడిన ప్రభుత్వ సర్వజనాసుపత్రి గలదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవ 14416 అను సంఖ్యకు ఫోను చేసినవారికిఁ దెలుఁగుననే, రేయింబవళ్లు, ఉచితముగ లభించుచున్నది. అంతఃపురము విడిచి పోలేని స్త్రీలకు ఖుజ్జుత్తర యెట్లో, బస్సు ఛార్జీ లేని యిల్లాలికి నీ సేవ యట్లు.

ఇఁక గుర్తించుట యెట్లు? సైకియాట్రిస్టు వైద్యవిద్య నభ్యసించి మందు వ్రాయఁగలవాఁడు. క్లినికల్ సైకాలజిస్టు మాటవలనఁ జికిత్స చేయుటయందు శిక్షితుఁడు. 1992 నాఁటి పునరావాస పరిషత్తు చట్టము వీరి నమోదునకుఁ గేంద్రపట్టిక నేర్పఱచెను. కౌన్సిలరు అను పేరు మాత్ర మెవ్వరైనఁ బెట్టుకొనవచ్చును గనుక విచారణ యవసరము. పునర్వసుఁ డెవ్వరు, సముదియ యెవరి శిష్యురాలు అని శాసనము చెప్పినట్లు, ఎచ్చట నేర్చితిరి, ఎవరికడ నేర్చితిరి అని యడుగుట యవమానము గాదు, అది ప్రాచీనమర్యాదయే. తరువాత నాలుగగతులను బరీక్షింపవలెను. ఆ వ్యక్తి భార్యకుఁ గాని భర్తకుఁ గాని బంధువా? కులపెద్దకు వెఱచువాఁడా? చెప్పిన మాటను మఱొకరికిఁ జెప్పువాఁడా? తనకుఁ దెలియని వ్యాధియైనచో వైద్యునికడకుఁ బంపువాఁడా, లేక తెలియమిని గప్పిపుచ్చువాఁడా? ఇంట హింస జరుగుచున్నచో సర్దుకొమ్మను మాట హితవు గాదు. మొదట ప్రాణరక్షణము, పిదప రాజీ.

పండితులకును, పాఠశాలోపాధ్యాయులకును నిందొక కర్తవ్యము గలదు. గ్రామమునఁ బిల్లవాని ముఖము మాఱుటను దల్లిదండ్రుల తరువాత మొదటఁ జూచువాఁ డుపాధ్యాయుఁడు. అతఁడు తానే చికిత్సకుఁడు కానక్కఱలేదు, కారాదు కూడ. వినవలెను, విన్నది దాఁచవలెను, తగినవానికడకుఁ దారి చూపవలెను. చట్టము సేవను సమీపమునకుఁ దెమ్మని చెప్పినది. జిల్లాలోని ప్రతి మండలకేంద్రమున శిక్షితుఁడైన యొక్క వ్యక్తి యైనఁ గూర్చుండు నాఁడే యా మాట చెల్లినట్లు. అలరాజును బంపినవారు బంధువును వెదకిరి, తటస్థుని వెదకలేదు. ఆ పొరపాటు పలనాటి యిండ్లలో మరల జరుగకుండుటకు శిక్షితుల నియామకము ప్రభుత్వము పని, వారికడకుఁ బోవుట సిగ్గు గాదని చెప్పుట చదువుకొన్నవారి పని.